కాలువ గట్టు మీద సైకిలు, గ్లాసులో ఏముండాలి?
సందేహాలు - సమాధానాలు

చుండూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక రోజు సైకిలు తొక్కడం, మధ్యలో పానీయాలు రుచి చూడటం: ఈ రెండూ కలిపిన యాత్ర గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

*

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ కాలిఫోర్నియాలో ఉంటారు. అక్కడ నాపా లోయలో సైకిళ్ళు అద్దెకు తీసుకుని, ద్రాక్షతోటల మధ్య తిరుగుతూ, ఆగినచోటల్లా వైను రుచి చూస్తూ ఒక రోజంతా గడిపారట. సంక్రాంతికి వస్తున్నారు. చుండూరులో మాకు కొంచెం పొలం ఉంది. అలాంటిది ఇక్కడ ఏర్పాటు చేయగలమా?
- విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: సైకిలు వరకు దివ్యంగా కుదురుతుందండీ. వైను మాత్రం కుదరదు. చుండూరులోనే కాదు, తెనాలి, బాపట్ల, రేపల్లె దాకా వెతికినా వైను చేసే తోట ఒక్కటీ కనపడదు. కానీ అబ్బాయికి ఆ మాట చెప్పి నిరాశపరచక్కర్లేదు.

నాపాలో సైకిళ్ళవాళ్ళ కోసం వల్లేహో నుంచి కాలిస్టోగా దాకా 47 మైళ్ళ బాట ఒకటి తలపెట్టి, ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ వస్తున్నారు. మనకు ఎవరూ వేయకుండానే బాటలున్నాయి, అవి కాలువ గట్లు. విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు నీళ్ళు పారాయి. పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సీతానగరం వైపు నుంచి బయల్దేరే పెద్ద కాలువ దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలి ఈ ప్రాంతమంతా అల్లుకుంటుంది. నీరు పల్లానికి పారాలి కాబట్టి గట్టు కూడా ఎక్కడా ఎత్తు ఎక్కదు. గేర్లులేని పాత సైకిలు మీద అరవై ఏళ్ళ మనిషి కూడా హాయిగా పోవచ్చు. నాపాలో ఈ సుఖం లేదు, అక్కడ కొండ వైపు తిరిగితే రొప్పు వస్తుంది.

ఇక గ్లాసులోకి. ఈ నేలకు తనదైన చెట్టు ఉంది, తాడి. దాని నీరా, కల్లు, ముంజె, తేగ, తాటిబెల్లం: ఏ కాలానివి ఆ కాలంలో ఒక పూట రుచుల కార్యక్రమానికి కావలసినంత సరుకు. అయితే సంక్రాంతికి కల్లు గీత అప్పుడప్పుడే మొదలవుతుంది. అన్ని చెట్లూ అందుకోవు. ఆ పండక్కి తేగలే అసలు రుచి. కుంపటి మీద కాల్చినవీ, ఉడకబెట్టినవీ పక్కపక్కన పెట్టి తినిపించండి. గ్లాసు కార్యక్రమం కావాలంటే అబ్బాయిని ఫిబ్రవరి దాకా ఉండమనండి. సెలవు దొరకదంటారా, అది వాళ్ళ ఆఫీసుతో తేల్చుకోవాల్సిన సంగతి.

*

ప్రశ్న: నాకు ఎడ్లపల్లి దగ్గర రెండెకరాలుంది. వరి, మినుము వేసి విసిగిపోయాను. వైను ద్రాక్ష వేసి, సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళకు చూపిస్తూ బతకొచ్చంటున్నాడు ఒక స్నేహితుడు. నిజమేనా?
- యువ రైతు, చుండూరు మండలం

జవాబు: స్నేహితుడి మాట విని తీగ నాటకండి తమ్ముడూ.

మన దేశంలో ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. ఏప్రిల్‌లో ఒకటి కొమ్మ కోసం, అక్టోబరులో ఒకటి కాపు కోసం. అక్టోబరులో కత్తిరిస్తే నవంబరుకు లేత చిగురు, పూత. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టేది సరిగ్గా అప్పుడే. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలినీ వాననూ తట్టుకున్నా, ఆ తర్వాతి తేమకు బూజు తెగులు ఆకును వదలదు. పైగా మీది నల్లరేగడి, పక్కనే కాలువ, నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. ద్రాక్షవేరు నిలవ నీటిలో ఉక్కిరిబిక్కిరవుతుంది. నాసిక్‌లో ఆ పంట నిలబడిందంటే అక్కడి ఎత్తు, చల్లటి రాత్రులు, పొడి చలికాలం దానికి కలిసొచ్చాయి. సులా వాళ్ళు అక్కడ 1999లో మొదలుపెట్టారు. బెంగళూరు పక్కన నందికొండల ప్రాంతంలో గ్రోవర్ వాళ్ళ తోటలున్నాయి. మనవాళ్ళు వేసిన తోట చూడాలంటే హంపి కొండల్లోని కృష్మా ఎస్టేట్స్‌కు వెళ్ళండి. హైదరాబాదులో మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. మన డబ్బు, మన పట్టుదల అన్నీ ఉండి కూడా వాళ్ళు తీగ నాటడానికి ఎంచుకున్నది కర్ణాటక మెట్టను. డెల్టా మాగాణిని కాదు.

హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు పేరుపడ్డ అనాబ్-ఎ-షాహి కూడా తినే పండే. ద్రాక్ష పేరెత్తగానే వైను అనుకోకూడదు.

మీ పొలం గట్టు మీద తాళ్ళు ఎన్నున్నాయో ఉత్తరంలో రాయలేదు. రెండెకరాల ద్రాక్ష కన్నా అవి మీకు ఎక్కువ పనికొస్తాయి. వాటిని ఇటుక బట్టీలకు అమ్మకుండా ఉంటే చాలు.

*

ప్రశ్న: వైను రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంటుందంటారు కదా: తిప్పడం, వాసన చూడటం, పుక్కిలించడం. కల్లుకూ నీరాకూ అదంతా చేస్తే ఊళ్ళో నవ్వరా? అసలు నీరాకీ కల్లుకీ తేడా ఏమిటో కూడా మాకు సరిగ్గా తెలియదు.
- ఇంజనీరింగు కళాశాల అధ్యాపకురాలు, బాపట్ల

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి. ఆ నవ్వేవాళ్ళే సాయంత్రానికి "ఈ చెట్టుది ఆ చెట్టంత బాగా లేదు" అని మీకన్నా సూక్ష్మంగా తేల్చేస్తారు. గీసేవాళ్ళ ఇళ్ళల్లో రుచి పరీక్ష తరతరాలుగా ఉంది. దానికి ఎవరూ అంతర్జాతీయ ధ్రువపత్రం ఇవ్వలేదు, అంతే.

ముందు తేడా చెప్తాను. తాటిగెల కొసను రోజూ సన్నగా కోస్తారు, కారే రసం కింద కట్టిన లొట్టిలో పడుతుంది. చెట్టు లోపల అది తియ్యటి నీళ్ళు. నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర. బయటికొచ్చిన క్షణం నుంచి గాలిలోదీ, లొట్టి గోడలదీ ఈస్టు దాన్ని పట్టుకుంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు ఆగిపోతుంది, తీపి తీపిగా ఉంటుంది. అదే నీరా. సున్నం పూయకపోతే దించేసరికే చిన్నగా నురగ మొదలవుతుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి బీరంత మత్తు, అంటే నూటికి నాలుగైదు పాళ్ళు. మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. ద్రాక్షవైను పన్నెండు, పద్నాలుగు పాళ్ళు ఉంటుంది, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. కల్లుకు ఆయుష్షు ఒక పగలు. అందుకే దాన్ని రుచి చూడటంలో వైనుకు లేని తమాషా ఒకటుంది. సీసాలు మార్చక్కర్లేదు, గంటలు మార్చితే చాలు.

ఇలా చేయండి. ఒకే చెట్టు రసాన్ని ఒకే పూటలో మూడుసార్లు చూడండి. తెల్లవారి దించినప్పుడు, ఎండెక్కాక, మధ్యాహ్నం భోజనానికి ముందు. మొదటిసారి దాదాపు నీళ్ళలా తేటగా ఉంటుంది. కొబ్బరినీళ్ళ కన్నా తీపి, వెనక చిన్న చెట్టుపసరు. రెండోసారికి పాలలా తెల్లబడుతుంది, ఆ తెలుపు ఈస్టుదే. నాలుక మీద చిటపట, దోసెల పిండి గిన్నె మూత తీసినప్పటి వాసన. మూడోసారి తీపి వెనక్కి పోయి పులుపు ముందుకొస్తుంది, గొంతు చివర వగరు తగులుతుంది. ఆ మధ్య గంటల్లో ఏ దశ మీకు నచ్చిందో చెప్పండి. ఒక్కొక్కరికీ ఒక్కో గంట నచ్చుతుంది. నా మటుకు నాకు ఎండ ఎక్కుతున్నప్పటిది. పొద్దుటిది చిన్నపిల్లల పానీయం, మధ్యాహ్నానిది వాదనలు పెంచేది.

గాజు గ్లాసు కావాలి, రంగు చూడటం ముఖ్యం కనక. స్టీలు గ్లాసులో సగం సమాచారం పోతుంది. ఒక్కోసారి 30 మిల్లీలీటర్లు, అంటే రెండు గుక్కలు. మధ్య మధ్య మంచినీళ్ళు, గుప్పెడు బొరుగులు. మిరపకాయ బజ్జీ తెచ్చి పెడితే తినకండి, ఆ తర్వాత అరగంట దాకా నాలుకకు ఏదీ తెలియదు. వైనువాళ్ళు నోట్లో తిప్పి బక్కెట్లో ఉమ్మేస్తారు. అది మర్యాదలేమి కాదు, రోజంతా పదిరకాలు చూసేవాడు నిలబడాలి కదా. మీరూ ఉమ్మేయవచ్చు. గీసిన మనిషి ఎదుట మాత్రం వద్దు.

రెండు జాగ్రత్తలు. కళ్ళముందు చెట్టు మీంచి దించిందే ముట్టండి. కల్లు పేరుతో అమ్మేదానిలో క్లోరల్ హైడ్రేటు, డైజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటివి కలిపిన కేసులు చాలాసార్లు పట్టుబడ్డాయి. అలా కలిపినదాని రుచి గురించి మాట్లాడుకోవడం వృథా, ప్రాణానికి ప్రమాదం. రెండోది గబ్బిలం. బంగ్లాదేశ్‌లో ఖర్జూరపు చెట్ల రసాన్ని రాత్రిళ్ళు గబ్బిలాలు నాకడం వల్ల నిపా వైరస్ మనుషులకు సోకినట్టు తేలింది. మనదగ్గర తాటికల్లుతో అలా వచ్చిందని చెప్పడం లేదు. కానీ లొట్టి మూతికి వలగుడ్డ కట్టమని అడగటానికి ఖర్చేముంది? అడగండి.

ఊళ్ళో కుదరకపోతే హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద 2023 మే 3న తెరిచిన నీరా కేఫ్ ఉంది. చల్లబరిచిన నీరా దొరుకుతుంది. మా డెల్టావాళ్ళకు అది కొంచెం మర్యాద ఎక్కువైన చోటు.

*

ప్రశ్న: మేం ఏడుగురం మిత్రులం బెంగళూరు నుంచి మంచి వైను సీసాలు తెచ్చుకుని, కొమ్మమూరు కాలువ గట్టు మీద సైకిళ్ళు ఆపి తాగుదామనుకున్నాం. సైకిలే కదా, కారు కాదు. ఏ కేసూ ఉండదు కదా? ఇంకో మాట, తలా కొంత వసూలు చేసి బయటివాళ్ళను కూడా తీసుకెళ్ళాలని ఆలోచన.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: నాలుగు చిక్కులున్నాయి, మీరు ఒక్కదాని గురించే ఆలోచించారు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను, అదే నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదనే లెక్క, మోటారు బండ్లకే. సైకిలుకు వర్తించదన్నది నిజం. జర్మనీలో సైకిలు మీద కూడా రక్తంలో ఆల్కహాలు వెయ్యికి 1.6 పాళ్ళ గీత దాటితే నేరమే. మన దగ్గర అలాంటి గీత లేదు. కానీ బహిరంగ స్థలంలో తాగి అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షను ఉంది: 24 గంటల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. గట్టు బహిరంగ స్థలమే. ఇక సీసాలు. ఇతర రాష్ట్రంలో కొన్న మద్యం ఇక్కడ సుంకం కట్టనిది అవుతుంది. ఎక్సైజు వాళ్ళు సంచి విప్పితే ఏడుగురూ తలవంచుకుని నిలబడాలి. డబ్బు తీసుకుని మద్యం పోయడమంటే లైసెన్సు లేని అమ్మకమే, అది అన్నిటికన్నా పెద్ద చిక్కు. రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి కాబట్టి కాలేజీ కుర్రాళ్ళను వెంటేసుకుని రావడం ఇంకో తలనొప్పి. కల్లు అమ్మకం కూడా గీత సహకార సంఘాలకూ, లైసెన్సున్న గీత కార్మికులకూ చెందినదే. యాత్ర నడిపేవారు సైకిలుకీ, దారి చూపినందుకూ, భోజనానికీ డబ్బు తీసుకోవచ్చు. కల్లు డబ్బు గీసిన మనిషి చేతికే నేరుగా వెళ్ళాలి.

చట్టం పక్కన పెట్టి అంకెలు చూడండి. వైను ఒక గ్లాసు, 150 మిల్లీలీటర్లు, 13 పాళ్ళది అయితే అందులో 15 గ్రాముల ఆల్కహాలు. అర లీటరు కల్లులో దాదాపు 20 గ్రాములు. శరీరం గంటకు ఏడెనిమిది గ్రాములు మాత్రమే కరిగించగలదు. అంటే అర లీటరు తాగిన మనిషికి రెండున్నర గంటలు. గట్టు వెడల్పు ఒక ట్రాక్టరుకు సరిపోతుంది, ఒకపక్క కాలువ, ఇంకోపక్క బోదె. ఎండలో తొక్కి నీళ్ళు తక్కువైన శరీరానికి తూలడం ఇంకా తొందరగా వస్తుంది. నేను పైన చెప్పిన మూడు చిన్న గ్లాసులైతే మొత్తం కలిపి మూడు గ్రాములు దాటదు. అయినా నా మాట ఒకటే: తొక్కడం అయ్యాకే గ్లాసు. సైకిలు తాళం పడ్డాక మీ ఇష్టం. అసలు ఎంత తక్కువైనా పూర్తిగా క్షేమమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. తాగనివాళ్ళను యాత్రలో బలవంతం చేసేవాడు నాకు అస్సలు నచ్చడు.

ఇంకొక మాట అడక్కుండానే చెప్తాను. సారా మీద నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచిన రాష్ట్రం ఇది. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. కానీ ఆ లెక్క ఆడవాళ్ళ మనసుల్లో ఎత్తెయ్యలేదు. ఇంటాయన తాగుడుతో చితికిన ఇల్లు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. ఆ ఇంటి ఎదుట పట్నంవాళ్ళు కూర్చుని గ్లాసులు ఎత్తి వెలుతురులో చూస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఊరి మధ్యలో వద్దు. తోటలో, చెట్టు కింద.

*

ప్రశ్న: ఒక రోజులో సరిపోయే దారి చెప్పండి. ఎండ పడదు. వెనక్కి తొక్కే ఓపిక ఉండదు.
- గృహిణి, పొన్నూరు

జవాబు: మీరు పొన్నూరులోనే ఉన్నారు కాబట్టి చిన్నదారి ముందు చెప్తాను: చుండూరు నుంచి మోదుకూరు మీదుగా నిడుబ్రోలు, అక్కడి నుంచి మీ ఊరు. రైలు పట్టాలు తోడుగా వస్తాయి. ఉదయం పూటలో అయిపోతుంది. నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా పుట్టిన ఊరని వచ్చినవాళ్ళకు చెప్పడం మరచిపోకండి. రైతు పోరాటాలకు అక్కడినుంచి వెళ్ళినవాళ్ళెందరో. భావన్నారాయణస్వామి గుడి దగ్గర ముగించవచ్చు.

నాకిష్టమైంది పెద్దదారి. తెల్లారేసరికి చుండూరు, అమృతలూరు మీదుగా భట్టిప్రోలు, ఓపికుంటే రేపల్లె. మొత్తం సుమారు నలభై కిలోమీటర్లు, అక్కడక్కడా ఆగుతూ పోతే మధ్యాహ్నానికి భట్టిప్రోలు. ఈ దిక్కుకే పోవడానికి కారణముంది. మాఘం దాటాక మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ఉదయం ఆగ్నేయానికి పోతే గాలి లేకుండా పోతారు, మధ్యాహ్నం బయల్దేరితే ఎదురుగాలికి కాళ్ళు పీకుతాయి. వెనక్కి రావడానికి రేపల్లె-తెనాలి రైలుంది, ఆ దారి 1916 నాటిది. సైకిళ్ళను మాత్రం ట్రాలీ ఆటోలో పంపేయండి, ప్యాసింజరు రైలు తలుపులో ఇరికించే ప్రయత్నం చేయకండి.

భట్టిప్రోలులో తొందరపడొద్దు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే 1892లో ఇక్కడి బౌద్ధ స్తూపం తవ్వినప్పుడు ధాతువుల పేటికలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాలు బ్రాహ్మీలో ఒక ప్రత్యేకమైన తీరు. లిపిని చదివే పండితులు ఇప్పటికీ వాటి దగ్గరికే వెళ్తారు. చూడటానికి ఒక ఇటుక దిబ్బే. పిల్లలు విసుగ్గా మొహం పెడతారు. పేటికల ఫొటో ఒకటి ముందే ముద్రించి తీసుకెళ్తే విసుగు సగం పోతుంది.

భోజనం పొలంలో పెట్టించండి. సాంబమసూరి అన్నమే, అదే బి.పి.టి. 5204, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వంగడం. దేశమంతా తింటున్న ఆ అన్నాన్ని అది పుట్టిన చోటికి దగ్గర్లో కూర్చుని తింటున్నామని అతిథులకు చెప్పండి. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు. తెనాలి మీదుగా వచ్చేవాళ్ళుంటే బెల్లం జిలేబీ కట్టించుకు రమ్మనండి. ఆ జిలేబీ తిన్న నాలుకకు నీరా చప్పగా తోస్తుంది, కనుక అది చివర్లో.

కాలం మాటకొస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. డిసెంబరు జనవరిల్లో ఏడింటి దాకా మంచు, ఎదుటి లారీ కనపడదు, వెనక ఎర్రదీపం లేకుండా ఎవరినీ రోడ్డెక్కనీయొద్దు. వరి కోతల కాలంలో రోడ్డు సగం కల్లమే, ధాన్యం మీదుగా చక్రం పోనిస్తే తిట్లు తినడం న్యాయమే. మినుముకు మందు కొడుతుంటే గాలివాటు చూసి దూరంగా ఆగండి. వానాకాలం వద్దేవద్దు, రేగడి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని సైకిలును భుజాన మోయిస్తుంది.

*

ప్రశ్న: చుండూరు పేరు చెప్పగానే మా తరానికి 1991 గుర్తొస్తుంది. మా గైడు "పర్యాటకులకు ఆ సంగతి ఎందుకు, మూడ్ పాడవుతుంది" అంటున్నాడు. మీరేమంటారు?
- ఉపాధ్యాయుడు, రేపల్లె

జవాబు: గైడుతో ఏకీభవించను మాస్టారూ.

1991 ఆగస్టు 6న ఆ ఊళ్ళో ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా పెరిగి, అక్కడికి చేరింది. హతుల శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలోనూ తుంగభద్ర డ్రెయిన్‌లోనూ పడేశారు. మనం అందంగా ఉందని ఫొటో తీసే నీళ్ళు అవి. కారంచేడులో దళితుల ఊచకోత జరిగి అప్పటికి ఆరేళ్ళే. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివారు ముందుండి నడిపిన ఉద్యమం ఢిల్లీ దాకా వెళ్ళింది. హతులను ఊళ్ళోనే ఖననం చేశారు, ఆ చోటు రక్తక్షేత్రం. విచారణకు ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది.

ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. బయల్దేరే ముందు చెప్పాలి, గ్లాసులు చేతికొచ్చాక కాదు. రక్తక్షేత్రానికి వెళ్ళాలనుకుంటే ఊళ్ళోని దళితవాడ అంబేద్కర్ నగర్ పెద్దలను ముందురోజే అడగండి, వాళ్ళు రమ్మంటేనే వెళ్ళండి. సైకిలు హెల్మెట్లతో గుంపుగా దిగి సెల్ఫీలు తీసుకోవడం కుదరదు. ఆ రోజు యాత్రలో తాగే కార్యక్రమం ఉంటే అక్కడికి అసలు వెళ్ళకండి, ఇంకో రోజు వెళ్ళండి. మూడ్ పాడవుతుందనేవాడికి డబ్బు వెనక్కి ఇచ్చేయమని గైడుకు చెప్పండి.

*

ప్రశ్న: నాకు 58. షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. నీరా తాటిది కాబట్టి షుగరు పెరగదంటున్నారు. తాగి సైకిలు తొక్కవచ్చా?
- వ్యాపారి, వేమూరు

జవాబు: చక్కెర ఏ చెట్టుదైనా చక్కెరే. ఒక గ్లాసు నీరాలో నాలుగైదు చెంచాల పంచదార ఉన్నట్టు లెక్కేసుకోండి. రెండు గుక్కలు రుచి చూడండి, గ్లాసు ఎత్తకండి. మీకు అసలు ప్రమాదం అటువైపు కాదు, ఇటువైపు: గ్లిమెపిరైడ్ వేసుకుని, రెండు గంటలు తొక్కి, దాని మీద కల్లు తాగితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. తూలుతుంటే పక్కవాళ్ళు మత్తనుకుంటారు. కల్లు మీకు వద్దు. జేబులో గ్లూకోజు, జట్టులో ఒకరికి మీ సంగతి తెలిసి ఉండటం, ముందుగా మీ డాక్టరుతో మాత్ర వేళ గురించి మాట, ఈ మూడూ తప్పనిసరి.

*

ప్రశ్న: ఆడవాళ్ళం నలుగురం వస్తాం. చీరతో సైకిలు తొక్కలేం, పల్లెల్లో ప్యాంట్లు చూసి ఏమంటారో.
- తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఏమీ అనరమ్మా. బడికి సైకిలు మీద వెళ్ళే ఆడపిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చున్నీ మాత్రం గొలుసులో పడకుండా ముడేసుకోండి. దారిలో మరుగు ఎక్కడ దొరుకుతుందో గైడును ముందే నిలదీయండి. అది చెప్పలేని గైడుతో వెళ్ళొద్దు.

*

ప్రశ్న: మా నాన్న గీత కార్మికుడు. ఈమధ్య సైకిళ్ళ మీద పట్నంవాళ్ళు వస్తున్నారు. ఎక్కమంటారు, వీడియో తీస్తారు, యాభయ్యో నూరో చేతిలో పెడతారు. ఒకాయన తనే ఎక్కుతానని మోకు అడిగాడు. ఏం చెప్పాలి?
- డిగ్రీ విద్యార్థి, అమృతలూరు మండలం

జవాబు: మోకు ఇవ్వొద్దు బాబూ. ఎంత డబ్బిచ్చినా ఇవ్వొద్దు. ఏళ్ళ తరబడి ఎక్కినవాళ్ళే జారిపడి నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. తెలంగాణలో 2024 జులైలో కాటమయ్య రక్ష పేరుతో గీతవాళ్ళకు రక్షణ పట్టీల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మీ నాన్నగారికి అలాంటి పట్టీ కొనిపెట్టించడం యాత్ర నడిపేవాడి మొదటి ఖర్చు కావాలి.

డబ్బు గురించి మొహమాటం వద్దు. మీ నాన్నగారు ఆ ఉదయం ఎక్కాల్సిన చెట్లు కొన్ని ఆపుకుని వీళ్ళ కోసం నిలబడితే, ఆ చెట్ల రాబడి ఎంతో మొదట లెక్కేయండి. దాని మీద ఎక్కి చూపించినందుకు కూలి వేరు. రసం ధర వేరు. వీడియో తీస్తే దానికి ముందే అడగాలి, ఎక్కడ పెడతారో చెప్పాలి. ఈ మాటలన్నీ చెట్టు కింద కాదు, యాత్ర నడిపేవాడితో ముందురోజు ఫోనులో మాట్లాడుకోండి. సీజను మొత్తానికి ఒకే రేటు ఒప్పుకుంటే ప్రతి ఆదివారం బేరం ఉండదు. వీలైతే పక్క గీతవాళ్ళను కూడా కలుపుకోండి, వంతులవారీగా చూపిస్తే ఒక్క ఇంటి మీద భారం పడదు.

నాన్నగారికి మాట్లాడటం ఇష్టమైతే ఆయనే రుచులు చెప్పాలి. మగచెట్టు రసానికీ ఆడచెట్టు రసానికీ తేడా, ఏ గట్టు చెట్టుది ఎందుకు తీపి, గాలి మారితే కారడం ఎందుకు తగ్గుతుంది, ఇవి నాలాంటివాళ్ళు చెప్పినదాని కన్నా ఆయన చెప్తే వందరెట్లు బాగుంటాయి. ఇంగ్లీషు కావాలంటే పక్కన నువ్వున్నావు. ఆ పనికి నీక్కూడా డబ్బు తీసుకో.

*

ప్రశ్న: ఎలాంటి సైకిలు? పంచరు పడితే?
- పేరు రాయలేదు, బాపట్ల

జవాబు: సన్నటి రేసు టైర్లు వద్దు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పువి, గాలి కొంచెం తక్కువగా. గట్ల మీద శత్రువులు ఇద్దరు, నల్లతుమ్మ ముల్లు, పల్లేరు కాయ. ముల్లు దిగితే వెంటనే పీకకండి, గాలంతా పోతుంది. నీడ దొరికేదాకా అలాగే నడిపించి, అక్కడ ట్యూబు మార్చండి. మనిషికో ట్యూబు, జట్టుకు రెండు పంపులు. చుండూరులో, అమృతలూరులో పంచరు షాపులుంటాయి కానీ ఆదివారం పొద్దున్నే తెరవరు. మీ యాత్ర ఉండేది ఆదివారం పొద్దున్నేగా.